నెల్లూరు 'నెల' అయిపోయింది!

ప్రశ్న: సార్, ఒంగోల్లో ఒక పార్సిల్ ఆఫీసులో పని చేస్తున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సొంతంగా నేర్చుకుని, మూటల మీద అంటించే చీటీల కోసం చిన్న ప్రోగ్రాం రాశాను. చీటీలో చోటు తక్కువ కాబట్టి ఊరి పేరులో మొదటి మూడక్షరాలే తీసుకోమన్నాను. ఉదయగిరితో చూస్తే 'ఉదయ' అని చక్కగా వచ్చింది. తీరా మర్నాడు ప్రింటు తీస్తే నెల్లూరు 'నెల', చీమకుర్తి 'చీమ', పొదిలి 'పొద' అయ్యాయి. 'చీమ మూటలు యాడ బెట్టాలయ్యా?' అని హమాలీలు ఒకటే నవ్వు. తప్పెక్కడ?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నేనూ నవ్వాను, ఏమనుకోకండి. మీరు అక్షరం అన్నదీ, పైథాన్ అక్షరం అనుకున్నదీ ఒకటి కాదు. మనం నె, ల్లూ, రు అని మూడు లెక్కపెడతాం. కంప్యూటర్లు అక్షరాలకు వాడే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో న ఒకటి, దాని ఎత్వం ఇంకొకటి. తర్వాత ల, పొల్లు, మళ్లీ ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. మొత్తం 8. నమ్మకపోతే పొడవు చెప్పే 'లెన్' పెట్టి చూడండి. మొదటి మూడూ న, ఎత్వం, ల. అదే మీ 'నెల'. ఉదయగిరి మొదట్లో గుణింతమూ ఒత్తూ లేవు, అందుకే మిమ్మల్ని మోసం చేసింది. ఆత్మకూరు పెట్టి ఉంటే ఆ రోజే దొరికేది: 'ఆత్' అని పొల్లు దగ్గర ఆగిపోతుంది. నేను ఏ ప్రోగ్రాం రాసినా ముందు ఆత్మకూరే పెట్టి చూస్తాను. (అమ్మమ్మ గారి ఊరు లెండి.)

మన అక్షరాల ప్రకారం కోయాలంటే పైథాన్‌తో వచ్చే 'రీ' మాడ్యూల్ (అక్షరాల వరుసలను వెతికే పనిముట్టు) చాలదు. అలాంటిదే 'రెజెక్స్' అనేది విడిగా ఇన్‌స్టాల్ చేసుకోండి. అందులో బ్యాక్‌స్లాష్, పక్కన పెద్ద ఎక్స్ రాస్తే గుణింతాన్ని హల్లుతో కలిపే ఇస్తుంది. ఒత్తుల దగ్గర మాత్రం ఒక మెలిక. రెజెక్స్ పాత వెర్షన్లు ల్లూను ల్, లూ అని విడదీస్తాయి. కలిపి ఉంచే నియమం 2023లో యూనికోడ్ 15.1తో గానీ రాలేదు.

అసలు నన్నడిగితే కోయడమే వద్దు. మూడక్షరాలకు కోసినా నెల్లూరు నెల్లూరే, పొదిలి పొదిలే, మిగిలిన చోటెంత? రైల్వేవాళ్లు కావలికి కేవీజెడ్ అని కోడ్ పెట్టారు. కావలిలో జెడ్ ఎక్కడుంది? పేరును కోస్తే వచ్చింది కాదది, కావాలని పెట్టుకున్నది. మీరూ ఒక డిక్షనరీ రాసుకోండి: ఇటు ఊరు, అటు మీరు పెట్టే పొట్టిపేరు. ఓ నలభై ఊళ్లుంటాయేమో, గంట పని. వెతికే ముందు, అటూ ఇటూ ఖాళీలు తీసేసే 'స్ట్రిప్' మాత్రం మరవకండి. పేరు చివర ఒక్క ఖాళీ ఉన్నా డిక్షనరీకి అది వేరే ఊరు.

చీమకుర్తికి పొట్టిపేరు మీ హమాలీలు ఈపాటికే పెట్టేశారు.