ఓడ వెళ్ళేలోపే చెప్పెయ్యి, అమ్ములూ

అమ్ములూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు అంటార్కిటికాలో మన దేశపు భారతి స్టేషన్‌కి ఎంపికయ్యావంట, చలికాలమంతా అక్కడే ఉంటావంట. చెప్తా చెప్తానే ఏడ్చింది. "ఏం కాదులేమ్మా, నేను పోయి రాలేదా" అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకూ తెల్లవారిందాకా నిద్ర పట్టలేదు. కావలి పక్క పల్లెలో పుట్టిన మన ఇంట్లోంచి ఇంకొకరు ఆ మంచులోకి పోతున్నారంటే గుండె నిండిపోయింది, ఆ గుండెలోనే భయమూ ఉంది. ఇస్రో మంగళామణి గారు 56 ఏళ్ళ వయసులో అదే భారతిలో 403 రోజులు ఉండి వచ్చారని మీ అమ్మకి చెప్పు. ఆమె కాస్త కుదుటపడుతుంది.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తా. చలిబట్టలు వాళ్ళే ఇస్తారు, లోపలి బనియన్లు, సాక్సులు నీవి ఎక్కువ పెట్టుకో. పెదాలకి వేజలీన్ మర్చిపోవద్దు. అక్కడి గాలి బాగా పొడిగా ఉంటుంది, నిప్పంటుకుంటే ఆపడం కష్టం, కాబట్టి ఫైర్ డ్రిల్ ఒక్కటి కూడా ఎగ్గొట్టొద్దు. మీ అమ్మ తులసి మొక్క కుండీతో సహా ఇస్తానంటోంది, వద్దని చెప్పు. అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడ్డానికి దేశాలు చేసుకున్న 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం మట్టి, మొక్కలు ఇష్టమొచ్చినట్టు అక్కడికి తీసుకెళ్ళకూడదు. బూట్ల అడుగున, జేబు మూలల్లో, వెల్క్రోలో ఇరుక్కున్న గడ్డిగింజలు కూడా బ్రష్ పెట్టి తీసెయ్యి.

చలికాలానికి ముందు రెండు నెలలు ఊపిరి సలపని పని ఉంటుంది. సామాను దించేటప్పుడు సైంటిస్టు, వంటాయన, డాక్టరు అని తేడా లేదు, అందరూ మోయాల్సిందే. నేను వాహనాల మెకానిక్‌ని. నేనున్నది అక్కడే మన ఇంకో స్టేషన్ మైత్రిలో. మైత్రి నుంచి ఓడ ఆగే మంచు అంచు దాదాపు 100 కిలోమీటర్లు. నూనె పీపాలు, బియ్యం, మందులు అన్నీ స్లెడ్జిల మీద వేసి వాహనాలతో లాక్కొచ్చేవాళ్ళం. స్టోరు లెక్క చూసుకోవడం, గుడిసె నుంచి గుడిసెకి తాళ్ళు కట్టడం, దారి పొడవునా జెండాలు పాతడం కూడా అప్పుడే. 1984 నవంబరు తుఫానప్పుడు మీ తాత ఇంటి కప్పు మీదుగా మోకులు కట్టడం నేను చూశాను. మైత్రిలో తాడు బిగిస్తున్నప్పుడల్లా ఆయన చేతులే గుర్తొచ్చేవి. బ్లిజార్డ్‌లో, అంటే మంచు తుఫానులో, తాడు వదలొద్దు, రిజిస్టర్‌లో రాయకుండా బయట కాలు పెట్టొద్దు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. ఇన్నేళ్ళలో మీ అమ్మకి కూడా చెప్పలేదు, ఈ ఉత్తరం ఆమెకీ చదివి వినిపించు.

1995 డిసెంబరులో గోవాలో ఓడ ఎక్కాను. దారిలోనే ఎడమ వైపు పైదవడ పన్ను సలపడం మొదలైంది. మార్చిలో ఓడ తిరిగి వెళ్ళే ముందు మా డాక్టరు గారు చలికాలం ఉండేవాళ్ళని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ఏమన్నా నొప్పులున్నాయా అని అడిగారు. ఏమీ లేదన్నాను. అప్పటికి వంటింట్లోంచి లవంగాలు తెచ్చుకుని రోజూ పంటి కింద పెట్టుకుంటున్నాను. చెప్తే అదే ఓడలో వెనక్కి పంపేస్తారని భయం. మీ అమ్మ పెళ్ళికి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు, అక్కడ వచ్చే అదనపు జీతం లెక్క నేను ముందే రాసి పెట్టుకున్నాను. అదొకటీ, ఊరంతా చెప్పి బయల్దేరి మూడు నెలలకే తిరిగొస్తే మొహం ఎట్టా చూపించాలన్న పౌరుషం ఇంకొకటి.

ఓడ వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి స్కువా పక్షులు కూడా వెళ్ళిపోయాయి. మే నెలాఖరుకి సూర్యుడు రావడం మానేశాడు. జులైలో ఒక రాత్రి చెంప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. జ్వరం. మా డాక్టరు గారు సర్జను, పళ్ళ డాక్టరు కాదు. ఐదు రోజులు మందులిచ్చి వాపు తగ్గేదాకా ఆగారు, ఆ తర్వాత పీకారు. చీము పట్టిన చోట మత్తు ఇంజెక్షన్ సరిగ్గా పని చెయ్యదు, అది నాకు ఆ రోజే తెలిసింది. ఇద్దరు నా తల పట్టుకున్నారు. అయినా నొప్పి నాది, నేను కొనితెచ్చుకున్నదే, దానికి బాధ లేదు.

ఆ పది రోజులూ నా డ్యూటీ కూడా ఇంకో మెకానిక్ చేశాడు. నాకంటే చిన్నవాడు. నిద్ర లేదు పాపం. ఒకరోజు బండి ఫ్యూయెల్ ఫిల్టర్ విప్పడానికి పట్టు దొరక్క గ్లవ్ తీశాడు. మామూలుగా అయితే ఒకరు విప్పుతుంటే ఇంకొకరు పక్కనుండి "చెయ్యి, చెయ్యి" అని అరుస్తుండాలి. ఆ ఇంకొకణ్ణి నేను, మంచం మీద పడున్నాను. వాడి ఎడమచేతి రెండు వేళ్ళ చివర్లు నల్లబడ్డాయి. వేళ్ళు దక్కాయి గానీ ఆ కొసల్లో స్పర్శ తిరిగి రాలేదు. ఒక్క మాట అనలేదు నన్ను. నేను మార్చిలోనే చెప్పుంటే ఓడలో ఇంకో మెకానిక్‌ని ఆపుకునేవాళ్ళు, లేదా డాక్టరు గారు అప్పుడే పన్ను తీసేసేవాళ్ళు.

ఆ పది రోజుల్లోనే నువ్వు పుట్టావు. శాటిలైట్ ఫోన్‌లో మీ నాన్న "ఆడపిల్ల, బావా" అని అరుస్తున్నాడు. నాకు నోరు తెరుచుకోదు. "ఊఁ" అన్నాను, అంతే. నాకు సంతోషం లేదేమో అనుకున్నాడంట చాలా రోజులు. నీ పేరు కూడా అడగలేకపోయాను తల్లీ.

మా పక్కన నాలుగైదు కిలోమీటర్లలో రష్యన్ల నోవోలజరెవ్‌స్కాయా స్టేషన్ ఉండేది. 1961లో అక్కడి డాక్టరు లియోనిద్ రొగొజోవ్ తన అపెండిక్స్‌ని తానే కోసి తీసుకున్నాడు, ఆయన తప్ప ఇంకో డాక్టరు లేడు మరి. ఆ కథ చెప్పుకున్నప్పుడు అందరూ ఆయన ధైర్యం గురించి మాట్లాడతారు. నాకు మాత్రం ఆ ఒంటరితనమే కళ్ళ ముందు కనపడేది.

నువ్వు ఆడపిల్లవి, కొన్ని సంగతులు మగ డాక్టరుకి చెప్పాలంటే మొహమాటం ఉంటుంది. ఆ మొహమాటం ఇక్కడే వదిలి పో. నెలసరి నొప్పి గానీ, నడుము గానీ, నిద్ర పట్టకపోవడం గానీ, ఎవరితోనన్నా పడకపోవడం గానీ, ఆఖరికి ఇంటి మీద బెంగ గానీ, ఓడ కనిపిస్తున్నంత వరకూ చెప్పెయ్యి. దానివల్ల వెనక్కి పంపినా సరే. బస్టాండుకి నేనొచ్చి నీ బ్యాగు మోసుకొస్తాను, ఊళ్ళో ఎవరన్నా ఏమన్నా అంటే నేను చూసుకుంటాను.

శనివారం నెల్లూరులో పళ్ళ డాక్టరు దగ్గరికి పోదాం. నీకు జ్ఞానదంతం అప్పుడప్పుడు సలుపుతుందని మీ అమ్మ అంది, ఎక్స్‌రే తీయించి, అవసరమైతే ఇక్కడే పీకిద్దాం. నేను పొద్దున ఏడింటి బస్సుకి బయల్దేరతా. ఇంట్లో టిఫిన్ తినొద్దు, ముందు కారం దోసె తిందాం, పన్ను తీశాక నాలుగు రోజులు నమల్లేవు.

మీ మామయ్య