ప్రొఫెషనల్ క్రీడాకారులకు ఇంగ్లిష్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు, ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు, ఒడియా మాత్రమే వచ్చిన పిల్లలు కూడా ప్రొఫెషనల్‌గా ఆడొచ్చు. ఆటలో తీర్పులు చాలావరకు విజిల్, చేతి సైగలతోనే నడుస్తాయి. వెయిట్‌లిఫ్టింగ్‌లో బార్ దించమనే సంకేతం కంటికి కనబడుతుంది, చెవికీ వినబడుతుంది. అది రాకముందే దించితే ఆ లిఫ్ట్ చెల్లదు. ఇందులో ఇంగ్లిష్‌తో పనేముంది?

అమెరికా మహిళల గోల్ఫ్ టూర్ ఎల్‌పీజీఏ 2008లో ఇంగ్లిష్ తప్పనిసరి అనే నిబంధన పెట్టబోయింది. ఇంగ్లిష్ మాట్లాడే పరీక్షలో తప్పితే సస్పెన్షన్ అంది. కొరియా క్రీడాకారిణులపైనే ఎక్కువ భారం పడే ఆ నిబంధనపై తీవ్ర వ్యతిరేకత రావడంతో, కొద్ది వారాల్లోనే సస్పెన్షన్ మాట వెనక్కి తీసుకుంది. తీసుకోవడమే న్యాయం.

నిషేధిత మందులు వాడారేమో చూసే డోప్ పరీక్షకైనా ఇంగ్లిష్ రావాలి కదా అని చాలామంది పొరబడతారు. అక్కడ తోడుగా ఒక ప్రతినిధిని, అందుబాటులో ఉంటే దుభాషిని కోరే హక్కు క్రీడాకారుడిది. ఫారంలో గత 7 రోజుల్లో వాడిన మందులు రాయమంటారు. జలుబు మాత్రతో సహా అన్నీ రాయించండి, చదివించుకున్నాకే సంతకం పెట్టండి. కాంట్రాక్టు విషయంలోనూ అంతే: జీతం, గాయమైతే ఖర్చు ఎవరిది, మధ్యలో తప్పుకుంటే ఏమిటి అన్న మూడూ మీ భాషలో రాయించుకోండి.