హీటర్ వల్ల ఇల్లు కాలితే నష్టం ఎవరు కట్టాలి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం. చంటిబిడ్డ కోసం రూమ్ హీటర్ కొని, తెల్లవారుజామున దానంతటదే ఆన్ అయ్యేలా స్మార్ట్ ప్లగ్‌కు పెట్టాం. ఓ రోజు ప్లగ్ కరిగి మంటలు లేచాయి. కర్టెన్లు, బీరువా, గోడ కాలాయి. ఓనర్ అడ్వాన్స్ పట్టుకుని, పైగా లక్షన్నర ఇమ్మంటున్నారు. హీటర్ కంపెనీ తమకు సంబంధం లేదంటోంది. ఏం చేయాలి?

జవాబు: బిడ్డతో సహా అందరూ క్షేమంగా బయటపడ్డారు, అది చాలు. ముందు ఒక పని చేయండి. కాలిన హీటర్, ప్లగ్, సాకెట్ ఎవరి చేతికీ ఇవ్వకండి. కంపెనీ మనిషి వచ్చి ‘చూసి చెప్తాం’ అన్నా, రాతపూర్వకంగా రసీదు ఇవ్వనిదే పట్టుకెళ్లనివ్వొద్దు. వస్తువే లేకపోతే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపించే వీలే ఉండదు. ఓనర్ సున్నం, రంగులు వేయించకముందే ఫొటోలు తీసుకోండి. ఫైరింజన్ వచ్చుంటే ఆ రిపోర్టు కాపీ అడగండి.

తర్వాత ప్లగ్ వెనక రాసిన ఆంపియర్లు చూడండి. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. ప్లగ్ 6 ఆంపియర్లదైతే తప్పులో మీ వాటా ఉందనే చెప్పాలి. 16 ఆంపియర్లదై ఉండీ కరిగిందంటే అనుమానం ప్లగ్ తయారీదారు మీదికో, వదులైన సాకెట్ మీదికో పోతుంది. సాకెట్ అంటే ఓనర్ వైరింగే కదా.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 84వ సెక్షన్ ప్రకారం, తయారీలోనో డిజైన్‌లోనో లోపమున్నా, ఎలా వాడాలో, ఏది ప్రమాదమో సరిగా చెప్పకపోయినా నష్టానికి తయారీదారుదే బాధ్యత. అయితే మాన్యువల్ జాగ్రత్తగా చదవండి. టైమర్‌తోగానీ, రిమోట్ కంట్రోల్‌తోగానీ నడపొద్దని చాలా హీటర్ల మాన్యువల్‌లో ఉంటుంది. అలా ఉంటే హీటర్ కంపెనీ మీద మీ కేసు బలహీనపడుతుంది. వస్తువును తప్పుగా వాడారంటూ అమ్మినవాళ్లు తప్పించుకోవడానికి 87వ సెక్షన్ ఉంది. అప్పుడు మీ గురి ప్లగ్ మీద పెట్టాలి.

ఓనర్ సంగతికొస్తే, అద్దె ఒప్పందంలో ఏం రాసుకున్నారో ముందు చూడండి. అందులో ఏమీ లేకపోతే ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ వర్తిస్తుంది. మామూలు అరుగుదల, మన చేతుల్లో లేని విపత్తు మినహా ఇంటిని ఉన్న స్థితిలోనే అప్పగించాలి. మీ అజాగ్రత్త తేలితే బాధ్యత తప్పదు. అంతమాత్రాన లక్షన్నర అని నోటిమాటగా అంటే కుదరదు. ఏ పనికి ఎంతో బిల్లులు, అంచనాలు చూపించమని రాతపూర్వకంగా అడగండి. ఇంటికి బీమా ఉందేమో కూడా అడగండి.

మీరు ఉంటున్న ప్రాంతం ఏ జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. మీరు కొన్న వస్తువుల ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కట్టక్కర్లేదు. గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లు.