సముద్రం ఒడ్డున ఉండి పిల్లల కథలు రాస్తానంటోంది మా బిడ్డ

ప్రశ్న: నమస్తే సార్. మాది నల్లగొండ జిల్లా హాలియా. ఎరువుల దుకాణం నడుపుతాను. మా పెద్దబిడ్డ ఇంటర్ సెకండియర్, సీఈసీ. పోయిన ఎండాకాలం సెలవుల్లో బాపట్ల దగ్గర, సముద్రం పక్కన మా చెల్లెను ఇచ్చిన ఊళ్లో నెల రోజులుండి వచ్చింది. అప్పటి నుంచి ఒకటే మాట: 'నేను సముద్రం ఒడ్డున ఉంటా, చిన్నపిల్లలకు పుస్తకాలు రాస్తా.' చదువు సంగతి అడిగితే ముఖం ముడుచుకుంటుంది. వద్దని గట్టిగా చెప్పడానికి మనసు ఒప్పడం లేదు. సరే అందామంటే రేపు ఎట్లా బతుకుతుందని టెన్షన్. ఆమె రాసిన రెండు కథల ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: అన్నా, కథలు పంపి మంచి పని చేశారు. 'ఏదో రాస్తది సార్' అనే తల్లిదండ్రులే ఎక్కువ. ఆ రాసిందేమిటో చూసేవాళ్లు తక్కువ. రెండూ రెండేసి సార్లు చదివాను. మీ బిడ్డకు రాయడం వచ్చు. అందుకే వద్దని చెప్పకండి.

అయితే ఆమె చూసిన సముద్రం గురించి ఒక మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రోజుల్లో బోట్లు ఒడ్డున ఉంటాయి, మగవాళ్లు ఇళ్ల దగ్గర వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. పిల్లలకు కూడా బడి సెలవులే. తాతలు కథలు చెబుతారు, పిల్లలు చుట్టూ చేరతారు. మీ బిడ్డ పోయింది సరిగ్గా అప్పుడే. ఊరంతా తీరిగ్గా కనబడేసరికి అక్కడి బతుకే అంత అనుకుంది. మిగిలిన పది నెలలు ఆమె చూడలేదు. తెల్లారకముందే వేట, చేపల వేలంపాట, బోటు రావడం ఆలస్యమైతే ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్లు, తుఫాను హెచ్చరికలు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది ఆ బాపట్ల దగ్గరే. ఆ ఊరి పిల్లల కోసం రాయాలంటే వాళ్ల డిసెంబర్ కూడా తెలియాలి.

ఇక డబ్బు సంగతి. తెలుగులో పిల్లల పుస్తకం అంటే సాధారణంగా 16 పేజీలో 24 పేజీలో ఉంటుంది. ధర 60 రూపాయలు, వేసింది వెయ్యి కాపీలు, రచయితకు పది శాతం రాయల్టీ అనుకుందాం. అన్నీ అమ్ముడుపోతే చేతికొచ్చేది 6,000. అవి అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. బొమ్మలు వేసినవాళ్లకు కూడా వాటా ఉంటే ఇంకా తగ్గుతుంది. కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం పెద్ద గౌరవమే, దాంతో వచ్చేది 50,000 రూపాయలు, అదీ ఒక్కసారి. పుస్తకాల మీదే ఇల్లు గడుపుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను. 2021లో ఆ పురస్కారం అందుకున్న దేవరాజు మహారాజు గారు మన ఉమ్మడి నల్లగొండ జిల్లా మనిషే. ఆయన వృత్తి జంతుశాస్త్రం పాఠాలు చెప్పడం. నాకు తెలిసిన పిల్లల రచయితల్లో ఎక్కువమంది బడి పంతుళ్లే. జీతం ఉంటుందని మాత్రమే కాదు, చిన్నపిల్లలు ఏ మాటకు నవ్వుతారో, ఏ పేజీ దగ్గర దిక్కులు చూస్తారో రోజూ కళ్ల ముందు కనబడుతుంది.

నేనైతే ఇంటర్ అయ్యాక డీఈఈసెట్, అంటే టీచర్ శిక్షణకు పెట్టే ప్రవేశ పరీక్ష, రాయించమంటాను. ఇంటర్‌లో 50 శాతం మార్కులుంటే చాలు, సీఈసీ అయినా ఫరవాలేదు. నల్లగొండ డైట్‌లో, అంటే జిల్లా టీచర్ శిక్షణ కాలేజీలో, సీటు వస్తే రెండేళ్ల డీఎడ్. అందులో ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెప్పే ప్రాక్టీస్ ఉంటుంది, ఆమెకు కావలసిన విద్య అదే. డీఎడ్ అయ్యాక డిగ్రీని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో చేసుకోవచ్చు. అది నచ్చకపోతే తెలుగు ఒక సబ్జెక్టుగా డిగ్రీ చేసి, తర్వాత బీఎడ్. నా మొగ్గు మొదటిదానికే.

ఒక చిక్కు ముందే చెప్పాలి. డీఎస్సీ పోస్టుల్లో, అంటే సర్కారు టీచర్ ఉద్యోగాల్లో, మన రాష్ట్రంలో 95 శాతం స్థానికులకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదివింది ఎక్కడో చూసి లోకల్ ఎవరో తేలుస్తారు. అంటే మీ బిడ్డకు టీచర్ ఉద్యోగానికి దారి నల్లగొండలోనే ఉంది. బాపట్లలో ఆమె నాన్‌లోకల్. తెలంగాణకు సముద్రం లేదు. కాబట్టి సర్కారు బడి, సముద్రం ఒడ్డు కాపురం రెండూ కుదరడం కష్టం. ఈ మాట ఆమెతో దాచకుండా చెప్పండి. బాధపడుతుంది, పడనివ్వండి. కానీ ఏటా దసరా సెలవులకో సంక్రాంతికో మేనత్త ఇంటికి పంపండి. ఎండాకాలం మాత్రం వద్దు, మళ్లీ వేట లేని సముద్రమే కనబడుతుంది.

ఇప్పుడు కథల దగ్గరికి వస్తాను. మొదటిది సముద్రం కథ. అందులో నీలి కెరటాలు, బంగారు ఇసుక, ముత్యాల్లాంటి నురగ ఉన్నాయి. అవి ఏ పోస్టర్ చూసైనా రాయొచ్చు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను: 'తాత వలను కాలి బొటనవేలికి తగిలించి, లాగి పట్టుకుని కుట్టాడు.' అది చూసి రాసింది. రెండోది సాగర్ కథ. డ్యామ్ దగ్గర తల్లి మక్కకంకులు కాల్చి అమ్ముతుంది. ఎనిమిదేళ్ల కొడుకు పొద్దున లేవగానే ఎన్ని గేట్లు తెరిచారో చూసొస్తాడు. గేట్లు ఎన్ని ఎక్కువ లేస్తే జనం అంత ఎక్కువ. అట్ట ముక్క మీద బొగ్గుతో లెక్క రాసుకుంటాడు: 'ఆరు గేట్లకు ఒక బస్తా. ఇరవై ఆరుకు మూడు బస్తాలు.' ఇది చదివి నాకు కళ్లు చెమర్చాయి అన్నా. సాగర్‌కు ఉన్నవి సరిగ్గా ఇరవై ఆరు గేట్లు, ఆ పిల్లాడి లోకానికి అంతకు మించిన లెక్క లేదు. సముద్రం కథలో ఒక వాక్యానికి దొరికిన చూపు ఈ కథలో మొదటి నుంచీ ఉంది.

ఫొటోలో ఇంకొకటి కనబడింది. పిల్లాడి మాట మొదట 'ఎన్ని గేట్లెత్తిండ్రు?' అని రాసి, గీత కొట్టి, పైన 'ఎత్తారు' అని దిద్దింది. ఆ గీత చూస్తే మనసు చివుక్కుమంది. పుస్తకంలో మన మాట ఉండకూడదని ఎవరో చెప్పి ఉంటారు. 'ఎత్తిండ్రు' అనే పిల్లలు హాలియాలో, దేవరకొండలో, అచ్చంపేటలో వేలమంది ఉన్నారు. వాళ్ల మాట వాళ్ల కథలో ఉండాలి. ఆ దిద్దుబాటు తీసేయమనండి.

తిరగరాశాక దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలలో హెడ్మాస్టర్ గారి అనుమతితో మూడో తరగతి పిల్లలకు చదివి వినిపించమనండి. వాళ్లు కదలడం మొదలుపెట్టిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. ఆ తర్వాతే పంపడం. హైదరాబాద్‌లో మంచి పుస్తకం వాళ్లు పిల్లల పుస్తకాలు వేస్తారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవొచ్చు, ముందు ఒక వంద చదవమనండి. బొమ్మలు ఆమె వేయనక్కర్లేదు, అది ప్రచురణకర్తలు చూసుకుంటారు.

పుస్తకం ఒప్పుకుంటే ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఎన్ని కాపీలు, ఎంత శాతం, ఎన్నేళ్లకు, ఏయే భాషలకు అన్నీ రాసుకోవాలి. వయసులో ఉన్నప్పుడు నేనూ ఒక పిల్లల పుస్తకం నోటిమాట మీద ఇచ్చాను. రెండో ముద్రణ వచ్చిన సంగతి బస్టాండ్ పుస్తకాల షాపులో చూసి తెలుసుకున్నాను. చట్టప్రకారం హక్కులు రాసిచ్చేటప్పుడు సంతకం తప్పనిసరి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఆమెకు ఇంకా పద్దెనిమిది నిండకపోతే సంతకం మీరే పెట్టాల్సి వస్తుంది, చదివి పెట్టండి.

కథ తిరగరాశాక నాకు మళ్లీ పంపమనండి. గేట్లన్నీ మూసేసిన రోజు ఆ పిల్లాడు పొద్దున లేచి ఏం చేస్తాడో కథలో లేదు. అది తెలుసుకోవాలని ఉంది.