అడ్డదారి దొరికితే లెవెల్‌కి మార్కులు కోయాలా?

మీ పోటీకి వచ్చిన మారియో మేకర్ 2 (ఆడేవాళ్లే సొంతంగా లెవెల్స్ తయారుచేసుకునే వీడియో గేమ్) లెవెల్‌లో ఒకతను కావాలనే దెబ్బ తగిలించుకుని, ముళ్ల మీదుగా నడిచి సగం లెవెల్ దాటేశాడు, మార్కులు తగ్గించాలా అని కదండీ మీ సందేహం. తగ్గించండి, కానీ కొంచెమే. పెద్ద మారియోకి దెబ్బ తగిలితే చిన్నవాడై కాసేపు మినుకుమినుకుమంటాడు, అప్పుడు ముళ్లు ఏమీ చేయవు. ఇది ఆడేవాళ్లందరికీ తెలిసిందే. ముళ్లకు ముందున్న, మారియోని పెద్దవాణ్ణి చేసే ఆ పుట్టగొడుగుని లెవెల్ చేసినవారు తీసేస్తే సరిపోయేది. ఎవరో పట్టుబట్టి వెతికిన గ్లిచ్ (గేమ్ ప్రోగ్రామ్‌లోని లోపం) అయితే మాత్రం ఒక్క మార్కూ కోయకండి, అన్యాయం. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ 1-2 లెవెల్‌లో పైకప్పు మీద పరుగెత్తితే వార్ప్ జోన్ (నేరుగా ముందు దశలకు దాటించే చోటు) వస్తుంది. అది కావాలని పెట్టిన దారి. అందుకే ఈ అడ్డదారి కూడా కావాలని పెట్టిందేనా అని ముందు లెవెల్ చేసినవారిని ఒక మాట అడగండి.