ప్రోబయాటిక్ కొనే ముందు ట్యాంకు మూత తీయండి

బ్రాయిలర్ కోళ్లకు పేగులు బాగుండి బరువు రావాలంటే ప్రోబయాటిక్ (బతికున్న మంచి బాక్టీరియా పొడి) మంచిదా, ఎసిడిఫైయర్ (నీళ్లకి, మేతకి పులుపు పెంచే మందు) మంచిదా అని అడిగారు. ఆగిరిపల్లి దగ్గర మూడు వేల కోళ్ల షెడ్డు నాది. నా జవాబు ఒకటే. ముందు నీళ్ల ట్యాంకు మూత తీసి, లోపలి గోడకు వేలు రాసి చూడండి. జారుడుగా తగిలితే అది బాక్టీరియా పట్టిన పొర, ఇక మీరు ఏ డబ్బా కొన్నా దండగే.

మూడేళ్ల కిందట ఆశ్వయుజంలో కోడిపిల్లలు దించాం. తుపాను వానలు పట్టుకున్నాయి. జల్లు కొడుతుందని వారం పాటు పరదాలు పైకెత్తలేదు. కింద ఊక ముద్దకట్టింది, షెడ్డులోకి అడుగుపెడితే అమోనియాకి కళ్లు మండేవి. 21వ రోజుకి రెట్టల్లో నారింజ రంగు జిగురు, తిన్న మేత అరక్కుండా అలాగే బయటికి. పొద్దున నాలుగు చచ్చాయి, సాయంత్రానికి తొమ్మిది, మర్నాడు ముప్పై. విజయవాడ వెళ్లి షాపువాళ్లు ఇచ్చిన ప్రోబయాటిక్ పొడి తెచ్చి ట్యాంకులో కలిపాను. నాలుగు రోజులు పోసినా ఏమీ తేడా లేదు.

అప్పుడు ఒక పశువుల డాక్టరు గారిని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన చచ్చిన కోడిని కోసి, గాలిపట్టి ఉబ్బిన పేగుని కత్తెరతో నిలువునా చీల్చి గోనెసంచి మీద పరిచారు. లోపలి పొర పాత టర్కీ టవల్‌లా గరుకెక్కి ఉంది. తడి ఊకలో కాక్సీ అనే పేగు పరాన్నజీవి పెరిగి పేగుని కొరికేసింది, ఆ పుండు మీద క్లాస్ట్రిడియం అనే చెడ్డ బాక్టీరియా ఎక్కింది అన్నారు.

"ట్యాంకులో బ్లీచింగ్ వేస్తున్నావా?"

"రోజూ పొద్దున్నే వేస్తానండి."

"ఆ పొడి ఎందులో కలిపావు?"

"అందులోనేనండి."

"బతికున్న బాక్టీరియాని డబ్బు పెట్టి కొని, కోడి నోట్లోకి వెళ్లకముందే చంపేశావయ్యా."

ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన రాసిన మందు వాడి, తడి ఊక ఎత్తిపోసి, పొడి ఊక పరిచాక చావులు ఆగాయి. కానీ బరువు రాలేదు. పైగా అమ్మే వేళకి కార్తీకం, కోడి తినేవాళ్లు సగం తగ్గారు.

అప్పట్నుంచి ప్రోబయాటిక్ ఇచ్చే రోజు బ్లీచింగ్ ఆపేస్తాను. టీకా నీళ్లలో కలిపేటప్పుడు చేసినట్టే, మిగిలిన క్లోరిన్ విరగడానికి ముందు కాస్త పాలపొడి కలుపుతాను. ఎసిడిఫైయర్ వేరే రోజు ఇస్తాను. అది నీళ్ల పులుపు పెంచి చెడ్డ బాక్టీరియాని అణుస్తుంది. ఎక్కువైతే కోళ్లు నీళ్లు తాగడం తగ్గిస్తాయి, నీళ్లు తగ్గితే మేతా తగ్గుతుంది. అందుకే పులుపు కొలిచే పీహెచ్ కాగితం ముంచి చూడకుండా పోయను. మేతలో కలిపే రకాల్లో నాకు బాగా పనిచేసింది బ్యుటిరేట్. అది పేగు గోడ కణాలకి నేరుగా ఆహారమవుతుంది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. "గ్రోత్ కోసం" అంటూ డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అంటగట్టే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. యూరప్ దేశాలు 2006లోనే ఆ వాడకం మానేశాయి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని మన ప్రభుత్వం 2019లో కోళ్లకి, పశువులకి నిషేధించింది. జబ్బొస్తే డాక్టరు రాస్తే వాడాలి, బరువు కోసం కాదు. ఆ కోడిని తినేది మన పిల్లలే. అలాగే కోళ్లకి హార్మోన్ ఇంజెక్షన్లు పొడుస్తారని వాట్సాప్‌లో పంపేవాళ్లు ఒక్కసారి మా షెడ్డుకి రండి. మూడు వేల కోళ్లని ఒక్కొక్కటీ పట్టుకుని రోజూ సూది వేసే మనుషులు ఎక్కడున్నారు? ఆరు వారాల్లో రెండు కిలోలు దాటడం జాతి గొప్పదనం, మేత గొప్పదనం.

మీది బోరు నీళ్లా, కాలువ నీళ్లా? ట్యాంకు ఎన్ని లీటర్లు, కోళ్లకి ఎన్ని రోజులు? అవి రాస్తే ఏ రోజు ఏది కలపాలో నేను పాటించే పట్టిక పెడతాను.