ముందు బల్ల, ఆ తర్వాతే మోటార్లు

ప్రశ్న: నా దగ్గర చేతితో తిప్పే చిన్న లేత్ ఒకటి, బల్ల మీద అమర్చే మిల్లింగ్ మెషీన్ ఒకటి ఉన్నాయి. ఇంటి వెనుక గదిలో రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి, స్టెప్పర్ మోటార్లు (చిన్న చిన్న అడుగులుగా తిరిగే మోటార్లు) బిగించి, ఒకే కంప్యూటరుతో సీఎన్‌సీగా, అంటే కంప్యూటరు ఆదేశాలతో నడిచే యంత్రాలుగా, నడపాలనుకుంటున్నాను. మోటార్లు, వాటికి కరెంటు అందించే డ్రైవర్లు కొనబోయే ముందు ఏమేమి చూసుకోవాలి? బాల్ స్క్రూలు (నట్టులో చిన్న బంతులు దొర్లే స్క్రూలు) తప్పనిసరా? లేత్ మీద థ్రెడ్లు (మరలు) కూడా కోయాలని ఉంది.

జవాబు: మోటార్ల కొనుగోలును కొన్నాళ్లు వాయిదా వేయండి. చేతితో చక్రం తిప్పేటప్పుడు స్క్రూ ఎక్కడ వదులుగా ఉందో మీ చేతికి తెలుస్తుంది, దానికి తగ్గట్టు తెలియకుండానే సర్దుకుంటారు. కంప్యూటరుకు ఆ స్పర్శ లేదు కనుక, యంత్రంలో ఉన్న లోపం ప్రతి వస్తువు మీదా ఉన్నది ఉన్నట్టు అచ్చుపడుతుంది.

రెండు యంత్రాలకూ వేర్వేరు బల్లలు చేయించుకోండి. మిల్లు (మిల్లింగ్ మెషీన్) టేబులు ఒక చివరికి జరిగినప్పుడల్లా దాని బరువు పక్కకు మళ్లి బల్ల కొద్దిగానైనా వంగుతుంది, ఆ వంపు లేత్ బెడ్‌ను (దాని పొడవాటి ఆధారాన్ని) మెలిపెడుతుంది. స్థలం కొలిచేటప్పుడు టేబులు రెండు చివరలకూ పూర్తిగా జరిగిన స్థితిని, దానికి తోడు కొత్తగా వచ్చే మోటారు పొడవును కూడా లెక్కలోకి తీసుకోవాలి. లేత్ హెడ్‌స్టాక్‌కు ఎడమవైపున, స్పిండిల్ (తిరిగే ఇరుసు) రంధ్రం గుండా పొడవైన కడ్డీ దూర్చడానికి చోటు వదలడం చాలామంది మరచిపోతారు.

లేత్ విషయంలో బెడ్ నేలకు సమతలంగా ఉండటం కంటే మెలిక లేకుండా ఉండటం ముఖ్యం. సుమారు 25 మి.మీ. వ్యాసమున్న కడ్డీని టెయిల్‌స్టాక్ (అవతలి చివరి ఆధారం) ఆసరా లేకుండా చక్‌లో (పని ముక్కను పట్టే బిగింపులో) బిగించి, 100 మి.మీ. ఎడంగా రెండు చోట్ల, టూల్‌ను కదపకుండా ఒకే అమరికతో పలుచని కోత వేసి, రెండు వ్యాసాలనూ మైక్రోమీటరుతో పోల్చండి. తేడా కనిపిస్తే టెయిల్‌స్టాక్ వైపు బోల్టుల కింద పలుచని రేకు ముక్కలు పెడుతూ, మళ్లీ కోసి చూస్తూ సరిచేసుకోవాలి. ఓపికను పరీక్షించే పనే గానీ, దీన్ని దాటవేసినవారు తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పరిష్కారం వెతుకుతూ ఉంటారు. మిల్లుకు ఇలాంటి పరీక్షే మరొకటి ఉంది: స్పిండిల్‌కు డయల్ గేజ్ తగిలించి టేబులు మీద గుండ్రంగా తిప్పినప్పుడు ముల్లు ఎక్కడా పెద్దగా కదలకూడదు, కదిలితే హెడ్ ఒరిగి ఉందని అర్థం.

ఇక బాల్ స్క్రూల సంగతి. 1.8 డిగ్రీల స్టెప్పర్ మోటారు చుట్టుకు 200 అడుగులు (స్టెప్పులు) వేస్తుంది. డ్రైవర్‌లో ఒక్కో అడుగును 8 భాగాలు చేస్తే 1600 అవుతాయి. స్క్రూ చుట్టుకు 5 మి.మీ. జరిపితే మిల్లీమీటరుకు 320 పల్సులు (అడుగు వేయమనే సంకేతాలు), అంటే కాగితం మీద 0.003 మి.మీ. సూక్ష్మత. అయితే స్క్రూకూ నట్టుకూ మధ్య 0.1 మి.మీ. వదులు, అంటే బ్యాక్‌లాష్ ఉంటే ఈ లెక్క వల్ల ప్రయోజనం లేదు. మిల్లు మీద ఒక వృత్తం కోసి చూడండి: అక్షం దిశ మార్చుకునే నాలుగు చోట్లా వేలికి తగిలే చిన్న మెట్టు వస్తే అది బ్యాక్‌లాష్ చేసిన పని. సాఫ్ట్‌వేర్‌లో దిద్దుబాటు అంకె ఇవ్వవచ్చు. రంధ్రాలు వేయడానికి అది సరిపోతుంది కానీ, కోత బలం టేబులును ఆ వదులులోనే ముందుకు లాగేసినప్పుడు ఏ అంకె దాన్ని ఆపలేదు. అందుకే మిల్లుకు బాల్ స్క్రూలు తప్పనిసరి అనే చెబుతాను. లేత్‌కు, టూల్ ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు వచ్చేలా ప్రోగ్రాము రాసుకోగలిగితే కొంతకాలం పాత స్క్రూతో నెట్టుకురావచ్చు. ఒక హెచ్చరిక: బాల్ స్క్రూలో రాపిడి తక్కువ కాబట్టి, కరెంటు పోగానే మిల్లు హెడ్ తన బరువుతో తానే కిందికి జారవచ్చు. నిలువు అక్షానికి బ్రేకు ఉన్న మోటారు గానీ, బరువును మోసే ఏర్పాటు గానీ ఉండాలి.

థ్రెడ్ కోయాలంటే టూల్ కదలిక స్పిండిల్ చుట్టుతో ముడిపడి ఉండాలి. కోత ప్రతిసారీ అదే గాడిలో పడాలి కాబట్టి, చుట్టుకొక గుర్తు పల్సు ఇచ్చే ఎన్‌కోడర్ (తిరుగుడును కొలిచే పరికరం) స్పిండిల్‌కు అవసరం. ఆర్డుయినో అనే చిన్న బోర్డు మీద నడిచే మామూలు జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయం లేదు. కంప్యూటరు మీద నడిచే లైనక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్‌లో జీ33, జీ76 ఆదేశాలతో ఉంది. మీ అవసరానికి రెండోదే తగినది. అందులో లేత్‌కు ఒకటి, మిల్లుకు ఒకటి చొప్పున వేర్వేరు కాన్ఫిగరేషన్లు పెట్టుకుని, ఒకసారికి ఒక యంత్రాన్ని ఒకే కంప్యూటరుతో నడుపుకోవచ్చు.

ఎమర్జెన్సీ స్విచ్ కంప్యూటరుకు కబురు పంపేదిగా ఉంటే చాలదు, డ్రైవర్లకు, స్పిండిల్‌కు వెళ్లే కరెంటును కాంటాక్టర్ (పెద్ద కరెంటును తెంచే స్విచ్) ద్వారా నేరుగా తెంచాలి. తిరుగుతున్న చక్ మీదుగా వంగకుండా చేతికి అందాలి. డ్రైవర్ల పెట్టెలోకి లోహపు రజను చొరబడకుండా మూసి ఉంచండి.

ప్రశ్న: నా సీఎన్‌సీ మిల్లు మీద మొదటి ముక్క కొలతకు సరిగ్గా వస్తుంది. అదే ప్రోగ్రాముతో నాలుగో, ఐదో ముక్కకు వచ్చేసరికి కొలత జరిగిపోతోంది. కారణమేమిటి?

జవాబు: ముందుగా మోటారు ఇరుసు, కప్లింగ్ (మోటారును స్క్రూకు కలిపే ముక్క), స్క్రూ మూడింటి మీదుగా మార్కర్‌తో ఒక సన్నని గీత గీయండి. కొన్ని ముక్కలు కోశాక గీత విరిగి కనిపిస్తే కప్లింగ్ జారుతోందన్నమాట. నేను ఒకప్పుడు రెండు వారాలపాటు ప్రోగ్రామును అనుమానించి, చివరికి కప్లింగ్‌లో వదులైన చిన్న స్క్రూను పట్టుకున్నాను.

గీత చెదరకపోతే త్వరణాన్ని సగానికి తగ్గించి చూడండి. వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ మోటారు బలం తగ్గుతుంది. అది అడుగు తప్పినా, ఎన్‌కోడర్ లేని అమరికలో కంట్రోలర్‌కు ఆ విషయం తెలియదు. త్వరణం తగ్గించాక లోపం పోతే కారణం అదే. స్పిండిల్ ఇన్వర్టర్ (స్పిండిల్ వేగాన్ని మార్చే పరికరం) తీగలు సిగ్నల్ తీగలను ఆనుకుని వెళ్తుంటే వాటిని కూడా దూరం చేయండి.

తేడా మిల్లీమీటరులో నూరో వంతుల్లోనే ఉండి నెమ్మదిగా పెరుగుతుంటే వేడిని అనుమానించాలి. 300 మి.మీ. ఉక్కు స్క్రూ 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.035 మి.మీ. సాగుతుంది. పని మొదలుపెట్టే ముందు పావుగంట సేపు యంత్రాన్ని ఖాళీగా నడిపి, వేడెక్కాకే సున్నా పెట్టుకోండి.